జవాబు వచ్చాక చేయవలసిన లెక్క

యూనియన్ వాళ్ళు ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, "పరీక్షకు కూడా పనికివచ్చేదైతే బాగుంటుంది సార్" అని చిన్న షరతు పెట్టారు. కవితలూ కథలూ రాయగలవారు కాలేజీలో కావలసినంతమంది ఉన్నారు కనుక నేను నా పరిధి దాటను. ఫస్టియర్ ఫిజిక్సులోనూ, మెటీరియల్స్ సైన్సు తొలి పాఠాలలోనూ హోంవర్కుగా ఇచ్చే లెక్కల గురించి నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. పరీక్షకు పనికివస్తాయో లేదో చదివినవారే తేల్చుకోవాలి.

ట్యుటోరియల్ క్లాసులో ఏటా వినబడే సంభాషణ ఒకటి ఉంది.

"సార్, ఆన్సర్ వచ్చేసింది."

"ఎంత?"

"1.25 సార్."

"1.25 ఏమిటయ్యా? వంకాయలా?"

క్లాసంతా నవ్వుతుంది. కుర్రవాడు నోటుబుక్కులోకి మరోసారి చూసుకుని "మీటర్లు సార్" అంటాడు. అంటే రెండు మీటర్ల ఉక్కు తీగకు పది కిలోల బరువు కడితే అది మీటరుంబావు సాగిందన్నమాట! ఆ మాట అనేసి నిశ్చింతగా కూర్చుంటాడు. పొరపాటు ఎవరికైనా వస్తుంది, దిద్దుకుంటే పోతుంది. కానీ ఇంత వింత జవాబు చెప్పి కూడా కుర్రవాడికి ఆశ్చర్యం కలగలేదే, అది చూస్తే మాత్రం నాకు దిగులు వేస్తుంది. బజారులో కిలో ఉల్లిపాయలు ఐదువేలు అంటే అదే కుర్రవాడు ఊరుకుంటాడా? కొట్టువాడితో దెబ్బలాడడూ? ఫిజిక్సు నోటుబుక్కు తెరిచేసరికి ఆ లోకజ్ఞానం ఎక్కడికి పోతుందో!

ఇందులో విద్యార్థుల తప్పు సగమే. ఇచ్చినవి రాయి, ఫార్ములా రాయి, అంకెలు వెయ్యి, జవాబు కింద రెండు గీతలు గియ్యి. ఈ వరస హైస్కూలు నుంచీ మనమే నేర్పుతూ వచ్చాం. పేపర్లు దిద్దేటప్పుడు ఫార్ములాకు ఒక మార్కు, ప్రతిక్షేపణకు ఒకటి, యూనిట్లకు అర. "ఈ జవాబు నమ్మదగినదేనా" అని ఒక వాక్యం రాసినవాడికి ఎవరూ అర మార్కు కూడా వేయరు. మార్కులు లేని పని ఎవరు చేస్తారు? పైగా కాలిక్యులేటరు వచ్చాక ఒక మంచి అలవాటు తెలియకుండానే జారిపోయింది. స్లైడ్‌రూలు మీద లెక్క చేసేవాళ్ళకు వచ్చేవి వట్టి అంకెలు. 1, 2, 5 అని వస్తే అది 1.25 అవునో, 125 అవునో, 0.00125 అవునో చేసేవాడే మనసులో ఇంకో ఉజ్జాయింపు లెక్క వేసుకుని తేల్చుకోవాలి. ఆ ఉజ్జాయింపే అసలు ఫిజిక్సు. ఇప్పుడు దశాంశబిందువు పెట్టే పని కూడా యంత్రమే చేస్తుంది కనుక మనకు ఆ బాధ లేదు, ఆ అభ్యాసమూ లేదు.

ముందు ఆ తీగ లెక్కే పూర్తిగా చూద్దాం. పొడవు 2 మీటర్లు, వ్యాసం 1 మి.మీ., కట్టిన బరువు 10 కిలోలు, ఉక్కు యంగ్ గుణకం చదరపు మీటరుకు 2 × 10¹¹ న్యూటన్లు. సాగుదల ఎంత?

ఫార్ములా దగ్గరికి పరుగెత్తకముందు బొమ్మ వేయండి. బొమ్మంటే చిత్రకళ అక్కర్లేదు. పైన ఒక కొక్కెం, ఒక గీత, కింద ఒక డబ్బా చాలు. బొమ్మలో వ్యాసం అని ఇచ్చారా, వ్యాసార్ధం అని ఇచ్చారా అన్నది కళ్ళకు కనబడేలా గుర్తు పెట్టండి. సగంమంది పడిపోయే గుంట అక్కడే ఉంది. తరువాత జవాబు ఏ మోతాదులో ఉండవచ్చో ఊహించి ఒక మూల రాయండి. తీగ కంటికి ఆనీ ఆనకుండా సాగుతుంది, బహుశా మిల్లీమీటరు అటూ ఇటూ. ఇంత చాలు.

ఇప్పుడు లెక్క. బలం 10 × 9.8 = 98 న్యూటన్లు. వ్యాసార్ధం 0.5 మి.మీ. కనుక వైశాల్యం 7.85 × 10⁻⁷ చదరపు మీటర్లు. భాగిస్తే ప్రతిబలం చదరపు మీటరుకు 1.25 × 10⁸ న్యూటన్లు. దాన్ని యంగ్ గుణకంతో భాగిస్తే వికృతి 6.2 × 10⁻⁴. రెండు మీటర్లతో గుణిస్తే సాగుదల 1.25 మి.మీ. మూలన రాసుకున్న ఊహకు దగ్గరగానే ఉంది.

వ్యాసాన్ని వ్యాసార్ధంగా పొరబడి చేస్తే 0.31 మి.మీ. వస్తుంది. భూమ్యాకర్షణను మరిచిపోయి బలం 10 అని వేస్తే 0.13 వస్తుంది. ఈ రెండు జవాబులూ చూడటానికి పెద్దమనుషుల్లాగే ఉంటాయి. ఉజ్జాయింపు వీటిని పట్టలేదు, బొమ్మా యూనిట్లూ పట్టాలి. బలం న్యూటన్లలో రాయవలసిన చోట కిలోలు కనబడితే చెయ్యి ఆగాలి. ఇంకో తప్పు ఉంది. మిల్లీమీటరు 10⁻³ మీటరు కనుక చదరపు మిల్లీమీటరు కూడా 10⁻³ చదరపు మీటరే అనుకోవడం. నిజానికది 10⁻⁶. ఈ తప్పు చేస్తే సాగుదల మిల్లీమీటరులో వెయ్యోవంతుకు దిగిపోతుంది. అలాంటివాళ్ళను నేను ప్రాక్టికల్స్ గుర్తు చేసుకోమంటాను. సర్ల్ పరికరంలో అరకిలో చొప్పున బరువులు వేస్తూ మైక్రోమీటరు స్క్రూతో సాగుదల కొలుస్తాం కదా. మన లెక్క ప్రకారం అరకిలోకు 0.06 మి.మీ. సాగాలి. స్క్రూ మీద 0.01 మి.మీ. వరకూ చదవగలం కనుక అది కొలతకు అందుతుంది. సాగుదల అందులో వెయ్యోవంతే అయితే ఆ పరికరంతో ఆ ప్రయోగం చేయడమే కుదరదు. లాబొరేటరీ ఒక గది, ట్యుటోరియల్ ఇంకో గది అయినంత మాత్రాన రెండిటిలోని తీగలు వేరు కావు.

తీగను వదిలిపెట్టేముందు ఇంకొక్క మాట. అదే తీగకు 10 కిలోలకు బదులు 100 కిలోలు కట్టండి. ఫార్ములా తడుముకోకుండా 12.5 మి.మీ. అని చెబుతుంది. కానీ అది మామూలు మెత్తని ఉక్కు అయితే 20 కిలోల దగ్గరే వెనక్కు రానంతగా సాగడం మొదలుపెడుతుంది, 30 కిలోలు దాటాక ఎంతోసేపు నిలవదు. ఫార్ములాకు తీగ తెగిపోయిందని తెలియదు. ఏ ఫార్ములాకైనా ఒక ఊరి పొలిమేర ఉంటుంది. అది ఎక్కడిదాకా చెల్లుతుందో పుస్తకంలో ఫార్ములా పైన చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది. మనం చదవం.

ఇక మెటీరియల్స్ సైన్సు. మొదటి నెలలోనే వచ్చే లెక్క: రాగి స్ఫటికం ఫలక కేంద్రిత ఘనం, ఘనం అంచు పొడవు 3.615 ఆంగ్‌స్ట్రాములు, పరమాణు భారం 63.5. సాంద్రత ఎంత? ఈ లెక్క నాకు చాలా ఇష్టం. ఎక్స్-కిరణాలతో కొలిచిన సెంటీమీటరులో కోటివంతుల దూరం నుంచి చేతిలో చెంబు బరువు దాకా ఒక్క అడుగులో వెళ్ళిపోతాం. ఇంతటి వంతెన ఇంత సులువుగా ఇంకెక్కడా దొరకదు.

ఇందులో కష్టమల్లా ఘనంలో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కపెట్టడమే. పుస్తకంలో బొమ్మ చూస్తే మూలల్లో ఎనిమిది, ముఖాల మధ్య ఆరు, మొత్తం పద్నాలుగు గోళాలు కనిపిస్తాయి. ప్రతి బ్యాచిలోనూ కొందరు పద్నాలుగే వేస్తారు. వాళ్ళకు నేను ఉమ్మడి గోడ సంగతి చెబుతాను. రెండిళ్ళ మధ్య గోడలో మీది సగం, పక్కవాళ్ళది సగం. ముఖం మీది పరమాణువూ అంతే. నాలుగు చేల గట్లు కలిసేచోట పాతిన హద్దురాయిలో ఒక్కొక్కరికి పాతిక వంతు. చేల మీద ఇంకో అంతస్తు చేలు ఉంటే? అప్పుడు ఎనిమిదోవంతు. మూల పరమాణువు అలాంటిది. మూలల్లోవి ఎనిమిది ఎనిమిదోవంతులు కలిసి ఒకటి, ముఖాల మీదివి ఆరు సగాలు కలిసి మూడు, మొత్తం నాలుగు.

నాలుగు పరమాణువుల బరువును ఘనపరిమాణంతో భాగిస్తే ఘన సెంటీమీటరుకు 8.93 గ్రాములు వస్తుంది. రాగికి కొలిచి చూసిన విలువ కూడా దాదాపు ఇదే.

పద్నాలుగు వేసినవారికి 31.3 వస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగితే చాలు. బంగారం 19.3. మామూలుగా దొరికే మూలకాలన్నిటిలోకీ ఎక్కువ సాంద్రత గల ఆస్మియం 22.6. అయితే మన పెరట్లో తోమి బోర్లించిన రాగిచెంబు ఆస్మియం కంటే బరువైనదా? ఒకటే పరమాణువు వేసినవారికి 2.23 వస్తుంది, అంటే రాగి అల్యూమినియం కంటే తేలిక అన్నమాట. రెండూ చేతితో ఎత్తి చూసినవాడు ఎవడూ ఒప్పుకోడు. అంతఃకేంద్రితం అని పొరబడి రెండు వేసినవారిది కొంచెం చిక్కు కేసు. 4.47 అంత అసహ్యంగా కనిపించదు. టైటానియం సాంద్రత దాని దగ్గరే ఉంటుంది. ఇక్కడ ఉజ్జాయింపు కాక వస్తువు తెలిసి ఉండాలి. తెలియకపోతే కనుక్కోవచ్చు కూడా: గట్టి రాగిముక్కను దారంతో కట్టి నీళ్ళలో ముంచి తూస్తే బరువులో తొమ్మిదోవంతు తగ్గుతుంది. 4.47 నిజమైతే ఐదోవంతు కంటే ఎక్కువే తగ్గాలి. ఆర్కిమెడిస్ సూత్రం ఇంటర్మీడియెట్‌తో అయిపోయిందని ఎవరన్నారు?

ఇదంతా నోటుబుక్కుల గొడవ, దీనికింత రాద్ధాంతమా అనేవారికి 1983 జూలై 23న కెనడాలో జరిగింది చెబుతాను. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఆటవా మీదుగా ఎడ్మంటన్ వెళ్ళాలి. ఇంధనం చూపే మీటర్లు పనిచేయడం లేదు కనుక టాంకుల్లో కొలబద్ద పెట్టి ఎన్ని లీటర్లుందో చూసి లెక్క వేశారు. కావలసింది 22,300 కిలోగ్రాములు. టాంకుల్లో ఉన్నది 7,682 లీటర్లు. ఇంకా ఎన్ని లీటర్లు పోయాలి? చూశారా, అచ్చంగా మన హోంవర్కు లెక్క.

లీటర్లను బరువులోకి మార్చడానికి వాళ్ళు వాడిన సంఖ్య 1.77. అది లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే సంఖ్య. ఆ దేశం అప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతోంది. ఈ కొత్త విమానం కిలోగ్రాముల్లో నడుస్తుంది. పాత అలవాటు పౌండ్లది. 7,682ను 1.77తో గుణించి వచ్చిన 13,597ను కిలోగ్రాములు అనుకున్నారు. కావలసిన దానిలోంచి తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ 1.77తో భాగించి, 4,917 లీటర్లు పోయించారు. నిజానికి కిలోగ్రాములకు వాడవలసిన సంఖ్య 0.803, దాని ప్రకారం పోయవలసింది 20,088 లీటర్లు. విమానం కావలసిన దానిలో సగం కంటే తక్కువ ఇంధనంతో ఎగిరింది. 41,000 అడుగుల ఎత్తున ఉండగా మొదలై, కొద్దిసేపట్లో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు ఆ పెద్ద విమానాన్ని గాలిలో జారుడుబండలా దించుకుంటూ వచ్చి గిమ్లీ అనే ఊళ్ళో పాత సైనిక విమానాశ్రయం మీద దింపారు. అందులో ఉన్న 69 మందిలో ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

గుణకారం తప్పు కాలేదు, తీసివేత తప్పు కాలేదు, భాగహారం తప్పు కాలేదు. మీరు కాలిక్యులేటరుతో మళ్ళీ చేసి చూడండి, అంకె అంకెకూ సరిపోతుంది. అయితే ఆ 1.77 వైపు ఎవరైనా ఒక్కసారి తేరిపార చూసి ఉంటే? లీటరు ఇంధనం బరువు 1.77 కిలోలా? లీటరు నీళ్ళు కిలో. జెట్ విమానాల ఇంధనం కిరసనాయిలు జాతిది. కిరసనాయిలు నీళ్ళ మీద తేలుతుందని లాంతరు వెలిగించిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. నీళ్ళ మీద తేలేదాని లీటరు బరువు కిలో లోపే ఉండాలి. ఇంతకు మించిన ఫిజిక్సు అక్కర్లేదు. అందుకే నేను సంఖ్య పక్కన యూనిట్లు రాయమని అంతగా పోరుతుంటాను. "లీటరుకు 1.77 పౌండ్లు" అని పూర్తిగా రాసి ఉంటే, పక్కన కిలోలు కనబడగానే పెన్ను దానంతట అదే ఆగేది.

అంకెల గురించి మాట వచ్చింది కనుక ఒక చిన్న సంగతి, తొందరగా చెప్పేస్తాను. బావిలో రాయి వేస్తే రెండు సెకన్లకు చప్పుడు వినిపించింది, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి అంటే 19.6 మీటర్లు అని రాస్తాం. కొందరు తెలివైనవాళ్ళు చప్పుడు పైకి రావడానికి పట్టే సమయం కూడా లెక్కలోకి తీసుకుని 18.56 అని రాస్తారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆ రెండు సెకన్లు ఎవరు కొలిచారు? చేతి గడియారంతో కొలిస్తే పదోవంతు సెకను తేడా రావడం మామూలు. ఆ ఒక్క తేడాతోనే లోతు రెండు మీటర్లు మారుతుంది. అంచేత సుమారు 19 మీటర్లు అన్నవాడు నిజాయితీపరుడు. కాలిక్యులేటరు ఎనిమిది అంకెలు చూపిస్తే ఎనిమిదీ ఎత్తి రాసేవాళ్ళు, బావిని మిల్లీమీటర్లలో కొలిచినట్టు మనల్ని నమ్మమంటున్నారు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మన పొరపాట్లు పట్టుకునే ఉపాయాలు. ఇక్కడినుంచి సంగతి మారుతుంది. ఒక్కోసారి ఫార్ములా సరైనదే, యూనిట్లు సరైనవే, ఎన్నిసార్లు చేసినా అదే జవాబు, అయినా అది లోకంతో కలవదు. అప్పుడేం చేయాలి? రబ్బరు తీసుకుని చెరిపెయ్యాలా?

1926లో సోవియట్ శాస్త్రజ్ఞుడు యాకవ్ ఫ్రెంకెల్ ఒక లెక్క చేశాడు. ఇవాళ అది మెటీరియల్స్ సైన్సు పుస్తకాల్లో మామూలు అభ్యాసం. ఒక లోహాన్ని వంచడానికి ఎంత బలం కావాలి? లోహం వంగడమంటే అందులోని పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారడం. పై పొరలోని పరమాణువులు కింది పొర గుంటల్లో కూర్చుని ఉన్నాయి. జారాలంటే గుంటలోంచి లేచి, గట్టు దాటి, పక్క గుంటలో పడాలి. గట్టు ఎక్కేంతవరకూ మనం తోయాలి, దాటాక అదే జారుతుంది. అంటే కావలసిన బలం అలలాగా పెరిగి తగ్గుతుంది. సైన్ వక్రం అనుకుందాం. వక్రం మొదట్లో ఎంత నిటారుగా లేస్తుందన్నది దృఢతా గుణకం చెబుతుంది. పొరల మధ్య దూరం, పొరలోని పరమాణువుల మధ్య దూరం ఇంచుమించు సమానమనుకుంటే, అల శిఖరం ఎత్తు దృఢతా గుణకాన్ని రెండు పైలతో, అంటే 6.28తో, భాగిస్తే వస్తుంది. నాలుగు పంక్తుల లెక్క. బి.ఎస్‌సి. విద్యార్థి ఎవరైనా చేయగలడు.

రాగి దృఢతా గుణకం చదరపు మీటరుకు 4.8 × 10¹⁰ న్యూటన్లు. భాగిస్తే 7.6 × 10⁹. ఇది మనసుకు ఎక్కే అంకె కాదు కనుక చదరపు మిల్లీమీటరుకు మార్చి చూద్దాం. పెన్సిలు మొన అంత తలం మీద పొరను జరపడానికి సుమారు 780 కిలోల బలం కావాలి. చిన్న కారు బరువు!

మరి నిజం? ఎలాంటి కల్తీ లేని రాగితో ఒకే స్ఫటికంగా పెంచిన కడ్డీని తీసుకుని చూస్తే, చదరపు మిల్లీమీటరుకు వంద గ్రాముల లోపు బలానికే పొరలు జారడం మొదలవుతుంది. 780 కిలోలెక్కడ, వంద గ్రాములెక్కడ? తేడా ఏడెనిమిది వేల రెట్లు. సైన్ వక్రం మరీ మొరటుగా ఉందని తరువాతివారు పరమాణు బలాలను ఇంకా సరిగ్గా పెట్టి చేస్తే 6.28తో కాక 30తో భాగించవలసి వచ్చింది. అయినా వెయ్యి రెట్ల పైనే తేడా మిగిలింది.

ఇది హోంవర్కులో వస్తే మనవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. వెనక పేజీలో జవాబు చూసి, మధ్యలో ఎక్కడో ఒక 10⁻³ ఇరికించి తెచ్చేస్తారు. అలా తెచ్చిన నోటుబుక్కులు నేను చాలా చూశాను; ఆ 10⁻³ ఎక్కడ పుట్టిందో రాసినవాళ్ళే చెప్పలేరు. శాస్త్రజ్ఞులు ఆ వెయ్యి రెట్లను అలాగే బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. లెక్కలో తప్పు లేదు, కొలతలో తప్పు లేదు. అయితే తప్పు మూడోచోట ఉండాలి. అదేమిటి? "పొర మొత్తం ఒక్కసారిగా జారుతుంది" అని మనం ఎవరినీ అడగకుండా అనేసుకున్నాం.

పెళ్ళి పందిట్లో పరిచిన పెద్ద జంపఖానా జానెడు అవతలికి జరపాలంటే ఏం చేస్తారు? అంచు పట్టుకుని మొత్తం ఒకేసారి లాగితే పదిమంది కావాలి. తెలిసినవాడు ఒక అంచు దగ్గర ముడత లేపి, ఆ ముడతను కాలితో తోసుకుంటూ ఆ చివరిదాకా వెళతాడు. ముడత అవతలి అంచు చేరేసరికి జంపఖానా అంతా జానెడు జరిగి ఉంటుంది. ఎప్పుడు చూసినా కదులుతున్నది ముడత ఉన్న ఒక్క చారే. 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ అనే ముగ్గురు లోహాలలో జరిగేది ఇదేనని ప్రతిపాదించారు. స్ఫటికంలో అక్కడక్కడ ఒక పరమాణు పొర సగంలో ఆగిపోయి ఉంటుంది. ఆ తెగిన అంచే ముడత. దానికి డిస్లొకేషన్ అని పేరు. అది జరగడానికి కొద్దిపాటి బలం చాలు.

ఒక సంగతి గమనించండి. అప్పటికి డిస్లొకేషన్ను ఎవరూ కంటితో చూడలేదు. కలవని ఒక జవాబును సంజాయిషీ అడిగితే అది ఇచ్చిన సమాధానం మాత్రమే. 1952లో బెల్ ప్రయోగశాలల్లో హెరింగ్, గాల్ట్ అనేవారు వెంట్రుకకంటే ఎంతో సన్నగా, దాదాపు లోపం లేకుండా పెరిగిన తగరపు స్ఫటికాలను వంచి చూస్తే, ఫ్రెంకెల్ లెక్క చెప్పే స్థాయికి దగ్గర బలం కనిపించింది. ముడత లేని జంపఖానా నిజంగానే జరగనని మొరాయించింది. 1956లో కేంబ్రిడ్జిలో హిర్ష్, హార్న్, వీలన్ పలచని అల్యూమినియం రేకును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి డిస్లొకేషన్లు కదలడం కళ్ళారా చూశారు. ప్రతిపాదనకూ దర్శనానికీ మధ్య ఇరవైరెండేళ్ళు.

ఇది తెలిశాక మన ఊళ్ళో కంచరి చేసే పని కూడా అర్థమవుతుంది. రాగిరేకును సుత్తితో కొట్టగా కొట్టగా అది బిర్రబిగుస్తుంది. కొట్టేకొద్దీ కొత్త డిస్లొకేషన్లు పుట్టి, ఒకదానికొకటి అడ్డంపడి చిక్కుపడిపోతాయి. అందుకే మధ్యమధ్య రేకును ఎర్రగా కాల్చి మళ్ళీ మెత్తబరుస్తాడు. వేడికి పరమాణువులు సర్దుకుని చిక్కు విడుతుంది. ఒక రాగి తీగను చేత్తో పదిసార్లు అటూ ఇటూ వంచి చూడండి, పదోసారికి ఎంత గట్టిపడిందో వేళ్ళకే తెలుస్తుంది. గేటు దగ్గర ఎలక్ట్రికల్ కొట్లో మూరెడు తీగ ఊరికే ఇస్తారు.

"సార్, ఇదంతా ఎందుకు? ప్రశ్నను ఫోనులో ఫొటో తీస్తే స్టెప్పులతో సహా జవాబు వస్తోంది కదా" అని ఒకమ్మాయి అడిగింది. అడగవలసిన ప్రశ్నే. నేను ఫోను చూడొద్దని చెప్పను. చెప్పినా ఎవరు వింటారు? చూడకముందు మీ ఊహ ఎంతో ఒక పంక్తి రాయండి, చూశాక అది ఎందుకు నమ్మదగినదో ఇంకో పంక్తి రాయండి అంటాను. నా క్లాసుల్లో హోంవర్కుకు ఈ రెండు పంక్తులూ తప్పనిసరి చేశాను. మొదటి వారం చాలామంది "ఆన్సర్ పుస్తకంలో ఉన్నదే కనుక నమ్మదగినది" అని రాశారు! నాలుగో వారానికి ఒకతను "రాగి సాంద్రత 31 వచ్చింది సార్, ఇది అబద్ధం, కానీ తప్పు ఎక్కడో దొరకడం లేదు" అని రాసి ఇచ్చాడు. అతనికి పూర్తి మార్కులు వేశాను. డిపార్టుమెంటులో కొందరు మిత్రులు దీనికి ఒప్పుకోలేదు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

యూనియన్ వాళ్ళు ఇచ్చిన పేజీలు అయిపోవచ్చాయి కనుక ఒక లెక్క ఇచ్చి విరమిస్తాను. ఇనుము మామూలు ఉష్ణోగ్రత దగ్గర అంతఃకేంద్రిత ఘనం. 912 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే ఫలక కేంద్రిత ఘనంగా మారుతుంది. పరమాణువులు గోళీల్లాంటి గట్టి గోళాలనీ, వాటి సైజు మారదనీ అనుకోండి. మొదటి అమరికలో గోళాలు ఆక్రమించేది చోటులో 68 శాతం, రెండోదానిలో 74 శాతం. దీన్నిబట్టి ఇనుము వేడెక్కుతూ 912 డిగ్రీలు దాటేచోట ఘనపరిమాణం ఎంత తగ్గాలో లెక్కవేయండి. 8 శాతం వస్తుంది. నిజంగా కొలిచి చూస్తే తగ్గేది 1 శాతం దగ్గర్లోనే. తగ్గడం మాత్రం నిజం: ఎర్రగా కాల్చిన ఇనుప తీగను బిగించి కట్టి చల్లారనిస్తే, కుంచించుకుపోతూ ఉన్నది మధ్యలో ఒక్కసారి సాగి కిందికి దిగుతుంది. మరి మిగిలిన 7 శాతం ఏమైంది? ఒక అమరికలో ఒక్కో పరమాణువును తాకుతూ ఎన్ని పరమాణువులుంటాయి, రెండో అమరికలో ఎన్ని ఉంటాయి అన్నది లెక్కపెట్టడంతో మొదలుపెట్టండి. మన ప్రశ్నలో ఎవరినీ అడగకుండా అనేసుకున్న మాట ఏదో పట్టుకున్నవాళ్ళు సెలవులయ్యాక నా గదికి రావచ్చు.